తుపాకి కడిగిన రాత్రులు

దీపావళి మర్నాడు తెల్లవారుజామున వాన పడింది. పాల ప్యాకెట్ కోసం కిందికి దిగితే, అపార్ట్‌మెంట్ గోడ వారగా ఊడ్చిపెట్టిన టపాకాయల కాగితాలన్నీ తడిసి ముద్దయి ఉన్నాయి. వాటిలోంచి కుళ్ళిన కోడిగుడ్డు వాసన గుప్పుమంటోంది. వాచ్‌మన్ భార్య కొంగు ముక్కుకి అడ్డం కట్టుకుని చీపురు పట్టింది. నేను మాత్రం ఆ వాసన దగ్గర కాసేపు నిలబడిపోయాను.

ఆ వాసన నాకు రెండు చోట్ల తెలుసు. ఒకటి, వెలిగొండల కింద మా తాత ఇంటి పెరడు. రెండోది, పెన్సిల్వేనియాలో మా పక్కింటి పెద్దాయన గ్యారేజీ. ఇద్దరి దగ్గరా ఉన్నది మూతి వైపు నుంచి మందు కూరి కాల్చే తుపాకే. ఇద్దరూ దాన్ని కాల్చిన రోజే కడిగేవాళ్ళు. ఒకరి సంగతి ఇంకొకరికి తెలిసే అవకాశమే లేదు. తాత పోయిన చాలా ఏళ్ళకి గానీ నేను అమెరికా వెళ్ళలేదు.

*

మేం ఉన్నది పెన్సిల్వేనియా నడిమధ్యలో, స్టేట్ కాలేజ్ ఊరికి కాస్త ఎడంగా. ముందు గదిలో కూర్చుంటే కిటికీ నిండా టస్సీ కొండ కనిపించేది. దాని మీదుగా అటు దిగితే రాత్‌రాక్ అడవి. వెళ్ళిన మొదటి ఏడాది నవంబర్లో, థాంక్స్‌గివింగ్ దాటిన సోమవారం, నేను పనిచేసే ల్యాబ్‌లో సగం కుర్చీలు ఖాళీ. జ్వరాలేమైనా వచ్చాయా అని అడిగాను. "ఇవాళ జింకల వేట మొదలు కదా, బళ్ళకి కూడా సెలవు" అన్నారు. అప్పట్లో ఆ సోమవారం అక్కడ పండగ కిందే లెక్క. 2019 నుంచి దాన్ని శనివారానికి మార్చారు.

మా పక్కింటి పెద్దాయన మాత్రం ఆ సోమవారం కదల్లేదు. వాకిట్లో మంచు ఎత్తిపోసుకుంటూ కనిపించాడు. ఆయన సీజన్ క్రిస్మస్ వెళ్ళిన మర్నాడు మొదలవుతుంది. చెకుముకి రాయి రాపిడితో నిప్పు రాజుకునే పాతకాలపు తుపాకులు పట్టుకున్నవాళ్ళకే ఆ సీజన్. ఆ రాష్ట్రం దాన్ని 1974లో మొదలుపెట్టింది. వేరే రాష్ట్రాల్లో కొత్త రకం మజిల్‌లోడర్లు, అంటే మూతి నుంచి మందు కూరేవే, ఒప్పుకుంటారు. ఇక్కడ క్రిస్మస్ తర్వాత వచ్చే ఈ సీజన్లో చెకుముకి తుపాకి తప్ప ఇంకో తుపాకి కుదరదు. జనవరి సగం దాకా మంచులో, సన్నటి వానలో, గడ్డకట్టే గాలిలో ఆ తుపాకి పట్టుకుని తిరగాలి. మందు తడవకూడదు, గొట్టం తుప్పు పట్టకూడదు. జింక దొరకడం ఆ తర్వాత మాట.

ఆయన్ని మనవలు పాప్ అని పిలిచేవాళ్ళు. ఆ ప్రాంతంలో తాతని అలాగే పిలుస్తారు. కొన్నాళ్ళకి మేమూ అదే పిలుపులోకి వచ్చేశాం. లేత్ మిషన్ల మీద పనిచేసి రిటైరైన మనిషి. మాట తక్కువ. ఆయన రైఫిల్ కూడా కొన్నది కాదు, విడి భాగాలు తెచ్చి చలికాలాల్లో కూర్చుని తనే చేసుకున్నాడు. 18వ శతాబ్దంలో లాంకాస్టర్ చుట్టుపక్కల స్థిరపడ్డ జర్మన్ పనివాళ్ళు చేసిన పొడవాటి రైఫిళ్ళ తరహా. అలలు అలలుగా చారలున్న మేపుల్ కర్ర, గొట్టం మూతి దాకా సాగిన చెక్క, పక్కన పేలికలు దాచుకోడానికి ఇత్తడి మూత పెట్టిన చిన్న అర. నిలబెడితే నా గడ్డం దాకా వచ్చేది.

క్రిస్మస్‌కి వాళ్ళావిడ మాకు కుకీలు పంపింది. ఖాళీ పళ్ళెం తిరిగి ఇవ్వడం మన అలవాటు కాదు కదా. మర్నాడు సాయంత్రం జంతికలు పెట్టుకుని వెళ్ళాను. గ్యారేజీ తలుపు సగం ఎత్తి ఉంది. లోపల పాప్ ఆ రైఫిల్‌ని వైస్‌కి గుడ్డలు చుట్టి బిగించి, మూతిలోకి గరాటుతో నీళ్ళు పోస్తున్నాడు. కింద ప్లాస్టిక్ బకెట్లోకి సిరా లాంటి నల్లనీళ్ళు పడుతున్నాయి. వాసన తగలగానే, "సురేకారం, గంధకం" అనేశాను తెలుగులోనే. ఆయన తలెత్తి చూశాడు. మా తాతకి కూడా ఇలాంటి తుపాకి ఉండేదని చెప్పాను. ఏం మాట్లాడకుండా ఒక స్టూల్ నా వైపు జరిపాడు. ఆ తర్వాత సీజన్లో తుపాకి పేలిన ప్రతి సాయంత్రం గ్యారేజీ లైటు కనిపిస్తే నేను వెళ్ళి ఆ స్టూల్ మీద కూర్చునేదాన్ని. మా ఆయనకి తుపాకి పేరెత్తితేనే టెన్షన్. ఆయన మా వాకిలి దాటేవాడు కాదు.

*

తాతది ఒంటి గొట్టం టోపీ తుపాకి, అంటే దెబ్బ తగలగానే పేలి మందుకి నిప్పందించే చిన్న టోపీ పెట్టి కాల్చేది. పంట కాపలాకని కలెక్టరు ఇచ్చిన లైసెన్సు మీద ఉండేది. కొండ కింద చేను, వేరుశనగ. కాయ ఊరే రోజుల్లో రాత్రి పూట అడవిపందులు మందలుగా దిగేవి. ఒక్క రాత్రి ఏమరితే చాళ్ళకి చాళ్ళు తిరగదోడేసేవి. తాత మంచె మీద పడుకునేవాడు. పక్క చేలవాళ్ళు డబ్బాలు కొట్టేవాళ్ళు, కేకలు పెట్టేవాళ్ళు. అన్నిటికీ అలవాటు పడిపోయిన పందులు తాత తుపాకి మోతకి మాత్రం కొండెక్కేవి.

వయసులో ఉన్నప్పుడు తాత కొండల్లో వేటకి తిరిగాడట. అదంతా నేను పుట్టక ముందు మాట. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. నాకు ఊహ తెలిసేసరికి ఆయన గొట్టంలో రవ్వలు పోయడం మానేశాడు. కొలత ప్రకారం మందు పోసి, కొబ్బరిపీచు ఉండచుట్టి పెట్టి, గజంతో, అంటే మందు కూరే కడ్డీతో, కూరి, వట్టి మోతే మోగించేవాడు. ఇంట్లో పడుకున్న నాకు ఆ మోత వినిపించేది. కొండకి తగిలి ఇంకోసారి వచ్చేది. "మీ తాత మేలుకునే ఉన్నాడులే, పడుకో" అనేది అవ్వ.

వట్టి మందే కాల్చినా కడగడం తప్పదు. పొద్దున్నే చేను నుంచి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా నీళ్ళపొయ్యి దగ్గరకి వెళ్ళేవాడు. తెల్లవారగట్ల కాల్చినదైతే పొద్దున, పొద్దుగూకాక కాల్చినదైతే ఆ రాత్రే. అండాలో నీళ్ళు సలసల కాగాలి. కట్లు విప్పి గొట్టాన్ని చెక్క నుంచి వేరుచేసి, గోనెపట్టా చుట్టి పట్టుకునేవాడు. చెంబుతో మూతిలోకి పోస్తే టోపీ పెట్టే సన్నమొన లోంచి నల్లనీళ్ళు పిచికారీలా చిమ్మేవి. నా పని పాత పంచె చింపి పేలికలు అందించడం. "అమ్మడూ, వేలెడు వెడల్పు. ఎక్కువ పెడితే ఇరుక్కుంటది, తక్కువ పెడితే మసి పట్టదు" అని ప్రతిసారీ చెప్పేవాడు. ఇనప గజం చివరున్న గాడిలోకి పేలిక దూర్చి, పైకీ కిందకీ తోసేవాడు. మరిగే నీళ్ళకి గొట్టం కాలిపోయేది. ఆ వేడికే లోపల తడి ఆరిపోతుందని ఆయన లెక్క.

ఆ నల్లనీళ్ళు కరివేపాకు చెట్టు మొదట్లో పోస్తే అవ్వ ఊరుకునేది కాదు. "నా కూరలన్నీ టపాకాయల కంపు కొడతాయి" అని తిట్టేది. తాత వినేవాడు కాదు. సురేకారం చెట్టుకి మంచిదే అనేవాడు. ఆ చెట్టు మాత్రం ఏపుగా పెరిగేది.

ఆరిన గొట్టానికి ఆముదం పట్టించేవాడు. చేతికి జిడ్డుగా, దట్టంగా. మళ్ళీ మందు పోసే ముందు పొడిపేలికతో అదంతా తుడిచి, మందు లేకుండా ఒకటి రెండు టోపీలు వట్టిగా పేల్చేవాడు. మొనలో మిగిలిన నూనె కాలిపోవడానికి. ఆ చిటపటకి మా కోళ్ళు చెల్లాచెదురయ్యేవి. ఎందుకలా పేలుస్తున్నావని అడిగితే, "లోపల నూనె ఉంటే మందు తడుస్తది, మందు తడిస్తే పంది నవ్వుతది" అన్నాడు.

ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకిని పోలీస్ స్టేషన్లో అప్పగించాల్సి వచ్చేది. తాత ఆ ముందురోజు గొట్టం లోపలా బయటా ఆముదం పూసి, మూతిలో గుడ్డ కుక్కి, మైనం కరిగించి అద్ది, గోనెసంచిలో చుట్టి తీసుకెళ్ళేవాడు. అయినా ఓ వానాకాలం తిరిగొచ్చేసరికి ఆ గుడ్డ లేదు, సంచి లేదు. గొట్టం నిండా ఎర్రటి పొడి. ఆ రోజు తాత అన్నం తినలేదు. మూడు పొయ్యిల నీళ్ళు కాచింది అవ్వ. పేలిక మీద పేలిక, ఎర్రగా వచ్చేది గోధుమరంగుకి తిరిగేదాకా తోస్తూనే ఉన్నాడు. చీకటి పడ్డాక లాంతరు దగ్గర పెట్టి మూతిలోకి చూసి, ఆ గుంటలు ఇక పోవని అన్నాడు. తాత పోయాక ఆ తుపాకిని మావాళ్ళు స్టేషన్లో అప్పగించేశారు. లైసెన్సు తాత పేరు మీదది, తీసుకునేవాళ్ళు ఎవరూ లేకపోయారు. ఇప్పుడది ఎక్కడుందో తెలీదు. అవ్వ చాలాకాలం ఆ గజాన్ని చింతకాయలు రాల్చడానికి వాడింది.

*

పాప్ దగ్గర పని ఇంకా నిదానం. గొట్టం చెక్కలోకి సన్నటి పిన్నులతో బిగించి ఉంటుంది కాబట్టి ప్రతిసారీ విప్పడానికి లేదు. నీళ్ళు చెక్కలోకి దిగితే మేపుల్ ఉబ్బుతుంది. అందుకే ఎక్కడెక్కడ చుక్క పడొచ్చో అక్కడల్లా గుడ్డ.

ముందుగా గజం. ఆయన హికరీ కర్ర గజం మీద రెండు గీతలు కోసి ఉండేవి. ఖాళీ గొట్టంలోకి జారవిడిస్తే ఒక గీత మూతి దగ్గర నిలుస్తుంది, మందూ గుండూ ఉంటే రెండోది. ఎంత ఖచ్చితంగా కాల్చేసి వచ్చినా సరే, ఇంటికొచ్చి ఆ గీత చూడనిదే స్క్రూడ్రైవర్ ముట్టుకునేవాడు కాదు. తర్వాత రెండు స్క్రూలు విప్పితే పక్కనున్న లాక్ ఊడి చేతిలోకి వస్తుంది. చెకుముకి రాయిని పట్టుకునే దవడ, రాయి తగిలే ఉక్కు రేకు, రంజకం (ముందుగా అంటుకునే మెత్తటి మందు) పోసే చిన్న పళ్ళెం, అన్నీ దాని మీదే. దాన్ని సబ్బునీళ్ళ గిన్నెలో వేసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దేవాడు. పళ్ళెం కింద మూలల్లో నల్లటి బంక ఉంటుంది. అది చలికి గట్టిపడి, తడికి మెత్తబడి, అక్కడి నుంచే తుప్పు మొదలవుతుందని ఆ మూలని వేలిగోటితో చూపించేవాడు.

పళ్ళెంలోంచి గొట్టంలోకి నిప్పు పోయే చిల్లులో పళ్ళు కుట్టుకునే పుల్ల గుచ్చి, గోరువెచ్చని నీళ్ళలో ఒక్క చుక్క గిన్నెల సబ్బు వేసి మూతి దాకా నింపేవాడు. కాసేపు అలాగే వదిలేసేవాడు. నేను అప్పుడే ఏమైనా మాట్లాడేదాన్ని. ఒంపగానే నల్లనీళ్ళు, వాసన. మళ్ళీ నింపడం. నీళ్ళు బూడిదరంగుకి, తర్వాత తేటకి తిరిగేదాకా. అప్పుడు ఇత్తడి మొన తగిలించిన పొడవాటి కడ్డీకి తడి పేలిక పెట్టి అడుగుదాకా తోసేవాడు. గొట్టం లోపల గుండుని తిప్పడానికి కోసిన మెలికగాళ్ళ వెంట పేలిక తిరుగుతూ వెళ్తుంది కాబట్టి కడ్డీ పిడి ఆయన అరచేతిలో దానంతటదే మెల్లగా తిరిగేది. కడ్డీ మూతి అంచుకి రాసుకోకుండా ఒక ఇత్తడి బిళ్ళ తొడిగేవాడు. ఆ అంచు అరిగితే గుండు దారి తప్పుతుందట. పేలిక బయటికి వచ్చేటప్పుడు సీసా బిరడా తీసినట్టు టప్‌మని చప్పుడు. పొడి పేలికతో తోస్తే కీచుమని ఇంకో రకం చప్పుడు. ఆ కీచు వినపడితే తడి లేనట్టే అని చెవితోనే తేల్చేసేవాడు.

వాడేసిన పేలికల్ని బల్ల మీద వరసగా పరిచేవాడు. నల్లనిది మొదట, తెల్లనిది చివర. నాకు ఆ వరస చూడటం చాలా ఇష్టంగా ఉండేది.

నేను చదివింది కెమిస్ట్రీ. ఓ రాత్రి ఆయన అడిగాడు, అసలు ఇది ఇంత త్వరగా ఎందుకు తినేస్తుంది ఇనుముని, మామూలు తూటాల తుపాకులకి లేని బాధ దీనికెందుకు అని. చెప్పాను. మందులో 75 పాళ్ళు సురేకారం, 15 బొగ్గు, 10 గంధకం. కాలాక సగానికి పైగా వాయువుగా మారదు, గట్టి లవణాలుగా మిగులుతుంది. అందులో పొటాషియం కార్బొనేట్ గాలిలోని తేమని లాక్కుంటుంది. అంటే కాల్చి వదిలేసిన గొట్టం తనని తనే తడుపుకుంటుంది. పొటాషియం సల్ఫైడ్ నీళ్ళు తగలగానే హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది, ఈ వాసన అదే. లవణాలు నీళ్ళలో కరుగుతాయి, నూనెలో కరగవు. అందుకే ముందు నీళ్ళు, తర్వాతే నూనె. కొత్త రకం బదులు మందులు కొన్నిట్లో పొటాషియం పెర్క్లోరేట్ ఉంటుంది, అది కాలాక మిగిలే క్లోరైడ్ ఇంకా పాడు. పాతకాలపు టోపీల్లో ఉండే క్లోరేట్ కూడా అంతే. తాత తుపాకి ఆ సన్నమొన చుట్టూనే ఎందుకు ఎక్కువ తుప్పు పట్టేదో ఆ మాట పాప్‌కి చెప్తుండగా నాకే అర్థమైంది.

ఆయన అంతా విని, "అయితే మా నాన్న చెప్పింది నిజమే. నీళ్ళు ఇనుముకి శత్రువు కాదు, మిగిలిపోయిన నీళ్ళు శత్రువు" అన్నాడు.

నీళ్ళు ఎంత వేడిగా ఉండాలనే దాని మీద మాత్రం తాతకీ పాప్‌కీ కుదిరేది కాదు. మరిగే నీళ్ళు పోస్తే గొట్టం ఆరేలోపే లోపల సన్నటి ఎర్రపొర వచ్చేస్తుందని పాప్ వాదన. అది నిజం, నేనూ కళ్ళతో చూశాను. తాత ఆరబెట్టి వెంటనే ఆముదం పూసేవాడు కాబట్టి ఆయనకి చెల్లింది. నా మటుకు గోరువెచ్చని నీళ్ళే నయం. కరగాల్సిన ఉప్పులు దానికీ కరుగుతాయి.

ఆయన తుపాకి క్లబ్బు స్నేహితులు కొందరు ఇంకో మాట అనేవాళ్ళు. ఇనప పెనానికి నూనె పట్టిస్తే నునుపెక్కినట్టు, గొట్టానికి కూడా మైనం, కొవ్వు కలిపిన ముద్ద పట్టిస్తూ పోతే అదే రక్షణ అవుతుందని, సబ్బు తగలనివ్వకూడదని. పాప్ ఒప్పుకోడు. నేనూ ఒప్పుకోను. పెనం మీద నూనె బాగా వేడెక్కి గట్టి పొరగా మారుతుంది, గొట్టంలో ఆ పని జరగదు. పొర అనుకుని దాచుకునేది చాలాసార్లు మసీ కొవ్వూ కలిసిన మడ్డే, దాని కింద తుప్పు హాయిగా పెరుగుతుంది. ఈ వాదన వచ్చినప్పుడు పాప్ గోడ మీది ఇంకో రైఫిల్ వైపు చూపించేవాడు.

అది వాళ్ళ నాన్నది. ఓ చలికాలం ఎవరో బంధువు అడిగి తీసుకెళ్ళి, కాల్చి, కడక్కుండా వసంతం దాకా మూలన పెట్టేశాడట. పాప్ ఓసారి వేలెడంత బల్బుని వైరుతో గొట్టంలోకి జార్చి నన్ను చూడమన్నాడు. పైనున్న కాస్త భాగం మెరుస్తోంది. కిందికి పోయేకొద్దీ గోడంతా మశూచి మచ్చలు. అడుగున, మందు కాలే చోట, మెలికగాళ్ళే లేవు, పొలుసులు పొలుసులుగా ఇనుము. బయట నుంచి చూస్తే ఆ తుపాకి పెళ్ళికూతురిలా ఉండేది. దాన్ని ఆయన మళ్ళీ కాల్చలేదు, అమ్మలేదు.

*

సీజన్ నడుస్తున్నప్పుడు అసలు చిక్కు వేరే ఉంది. రాత్రి నూనె పూయాలి, లేకపోతే తుప్పు. పొద్దున నూనె ఉండకూడదు, ఉంటే పేలదు. పాప్ రోజూ ఈ రెండిటి మధ్యే నడిచేవాడు. ఆ సీజనంతా నూనె నామమాత్రం, పేలికకి అద్దీ అద్దనట్టు. పొద్దున చీకట్లోనే లేచి, రెండు మూడు పొడి పేలికలు తోసి, చిల్లులో సన్నటి తీగ పెట్టి తిప్పి, వట్టి పళ్ళెంలో చిటికెడు రంజకం వేసి వెలిగించేవాడు. అడుగున మిగిలిన తేమా నూనే పోవడానికి. మొదటిసారి చూసినప్పుడు నాకు మా కోళ్ళు గుర్తొచ్చాయి.

తర్వాత మందు. రెండు ఎఫ్‌ల ముతక మందు గొట్టంలోకి, నాలుగు ఎఫ్‌ల మెత్తటిది పళ్ళెంలోకి (డబ్బా మీద ఎఫ్‌లు ఎన్ని ఎక్కువుంటే మందు అంత మెత్తన). అర అంగుళం గొట్టానికి 0.490 అంగుళాల సీసపు గుండు. మిగిలిన సందుని కొవ్వు పట్టించిన దళసరి గుడ్డ పూడుస్తుంది. ఆ కొవ్వు తేనెమైనం, జింక కొవ్వు కలిపి తనే కాచుకునేది. గొట్టం మూతికి సన్నటి టేపు అంటించేవాడు, మంచు పడకుండా. ముందు గాలి తోపుకే అది చిరిగిపోతుంది కాబట్టి గుండుకి అడ్డం రాదు. లాక్ మీద తోలు తొడుగు కట్టి, దానికీ అదే మైనం పామేవాడు. వాన పడితే ఆ భాగాన్ని చంకలో పెట్టుకుని నడిచేవాడు. పళ్ళెంలో రంజకం తడిసి ముద్దయినట్టు అనిపిస్తే గీకేసి మళ్ళీ పోసేవాడు. ఆ మెత్తటి మందు గాలి తేమకే మెత్తబడిపోతుంది.

కాల్చకుండా తిరిగొచ్చిన రోజుల్లో తుపాకిని ఇంట్లోకి తెచ్చేవాడు కాదు. వెచ్చటి గదిలోకి రాగానే చల్లటి గొట్టానికి లోపలా బయటా చెమట పడుతుంది, లోపలున్న మందు తడుస్తుంది. పళ్ళెం ఖాళీ చేసి, చిల్లులో కోడి ఈక కాడ గుచ్చి, మీట దగ్గర 'మందు ఉంది' అని రాసిన అట్టముక్క కట్టి, వేడి లేని వెనక గదిలో బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. తాళంచెవి ఆయన మెడలోనే. రెండో రోజూ కాల్చే అవసరం రాకపోతే క్లబ్బు రేంజికి వెళ్ళి మట్టిగట్టులోకి కాల్చేసి వచ్చి కడిగేవాడు. ఆదివారం అప్పట్లో అక్కడ వేట ఉండేది కాదు. అందుకని శనివారం రాత్రి శుభ్రం అన్నిటికంటే పెద్దది.

ఒక సీజన్లో మంచి కొమ్ములున్న మగజింక ఎదురుగా నిలబడితే, పళ్ళెంలో మంట భగ్గుమంది గానీ తుపాకి పేలలేదు. అది తలెత్తి చూసి నడుచుకుంటూ వెళ్ళిపోయిందట. ఆ రాత్రి గుండుని స్క్రూతో గుచ్చి బయటికి లాగి, అడుగు మందు తీసి నాకు చూపించాడు. జిడ్డుగా ఉండకట్టి ఉంది. ముందు రాత్రి మనవలు వచ్చిన సందడిలో తుపాకిని మూతి పైకి ఉండేలా గోడకి ఆనించారు. నూనె అంతా కిందికి దిగి అడుగున చేరింది. పేలికలకి తగలని చోట, మందు కూర్చునే చోట. ఎవర్నీ ఏమీ అనలేదు. ఆ తర్వాత ఎప్పుడు చూసినా రైఫిల్ మూతి కిందికే, మడతపెట్టిన న్యూస్‌పేపర్ మీద. ఆ పేపర్ మీద గుండ్రటి నూనె మరకలు పడేవి.

అన్నిటికంటే బాగా గుర్తున్నది, చీకటి పడే వేళ ఆడజింక దొరికిన రోజు. దాన్ని మంచులో ఈడ్చుకుంటూ రోడ్డు దాకా తెచ్చేసరికి మోకాళ్ళు పనిచేయలేదట. ఇంటికొచ్చేసరికి బాగా పొద్దుపోయింది. మీసం మీద మంచు కట్టుకుపోయి ఉంది. పెద్ద మనవడు, "పాప్, రేపు కడుగుదాం, ముందు ఏమైనా తిను" అన్నాడు. పాప్ బూట్లు కూడా విప్పకుండా బకెట్ అందుకున్నాడు. వేళ్ళు వంగక స్క్రూ తిరగలేదు. మనవడు ముందుకి వచ్చి లాక్ ఊడదీశాడు. నేను నీళ్ళు తెచ్చాను. ఆవిడ సూప్ గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టి, ఆయన్ని ఒక్క మాట అడగకుండా వెళ్ళిపోయింది. ఆ సూప్ చల్లారిపోయింది. చివరి తెల్ల పేలిక బల్ల మీద పెట్టాకే చెంచా పట్టుకున్నాడు.

ఆ జింక మాంసం మాకూ పంపారు. అల్లం వెల్లుల్లి, ధనియాలు, మిరియాలు దట్టించి వేపుడు చేశాను. పాప్ బ్రెడ్డు ముక్కల మధ్య పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు కారుతున్నా మొత్తం తిన్నాడు. మా ఆయనా ఆ రోజు మొదటిసారి గ్యారేజీలోకి వచ్చి కూర్చున్నాడు.

*

మేం తిరిగొచ్చేసే ముందు ఏడాది నుంచే పాప్ అడవికి వెళ్ళడం మానేశాడు. చేతులు వణికేవి. అయినా తేమ పట్టే వేసవి నెలల్లో రైఫిల్ దించి ఒక పేలిక తోసి చూసుకునేవాడు. కడిగాక ఒక్కసారి చూసి ఊరుకోకూడదని ఆయన నియమం. గాళ్ళలో దాగిన ఉప్పు రెండో రోజుకి గానీ బయటపడదు. అందుకని రెండు రోజులాగి తెల్ల పేలిక తోయాలి, రంగు వస్తే మళ్ళీ మొదటి నుంచి. మనవడికి ఈ పనంతా నేర్పింది ఆ ఏడాదే. స్టూల్ మీద తను కూర్చుని, కుర్రాడి చేత చేయించేవాడు. గొంతు పెంచేవాడు కాదు. కుర్రాడు కడ్డీ అడ్డదిడ్డంగా తోస్తే, ఆ చప్పుడు వినలేనట్టు కళ్ళు మూసుకునేవాడు.

పాప్ పోయి కొన్నేళ్ళైంది. రైఫిల్ ఆ మనవడి దగ్గరే ఉంది. క్రిస్మస్ వెళ్ళాక సీజన్లో అప్పుడప్పుడు మెసేజ్ పెడతాడు. ఇప్పుడు అతను సబ్బు వాడటం లేదు, వట్టి చల్లనీళ్ళే, ఆరబెట్టాక నీళ్ళలో కలిసే నూనె ఏదో పూస్తున్నాడు. అదీ మంచి పద్ధతే అని చెప్పాను. మొన్నటి సీజన్లో ఓ రాత్రి బల్ల మీద పేలికల వరస ఫొటో పంపాడు, చివరిది మల్లెపువ్వులా ఉంది, "పని అయిపోయింది" అని రాశాడు. రెండు రోజులాగి ఇంకొకటి తోసి చూడమని జవాబిచ్చాను. చూశాడట. లేత గోధుమరంగు వచ్చిందట. మళ్ళీ నీళ్ళు పోసి కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించి, మూతి కిందికి పెట్టి పడుకున్నాడట.